రెండు లేళ్లు

నిరుడు డిసెంబరు నెలలో నా పూర్వవిద్యార్థి ఒకడు అమెరికా నుంచి ఒక ఛాయాచిత్రం పంపాడు. ఉన్నత పాఠశాలలో రెండేళ్లు నా దగ్గర తెలుగు చదివినవాడు. అతడు పద్యం ఎత్తుకుంటే తరగతి మొత్తం చెవి ఒగ్గి వినేది. ఇప్పుడు టెక్సాస్‌లో స్థిరపడ్డాడు. చిత్రంలో మంచు పట్టిన మొక్కజొన్న మోళ్ల నడుమ మోకాళ్ల మీద కూర్చుని, చచ్చిన జింక తలను రెండు కొమ్ములూ పట్టి పైకెత్తి చూపుతున్నాడు. ముఖం నిండా సంతోషం. కింద ఒక వాక్యం: “మాస్టారూ, కోప్పడకండి. నాలుగేళ్లు ఎదురుచూస్తే దొరికింది.”

కోప్పడ్డాను. భద్రాద్రి సీమలో పుట్టినవాడు, పర్ణశాలకు నాతో విహారయాత్రకు వచ్చినవాడు, బంగారు లేడి కథ తెలిసినవాడు, కొమ్ముల కోసం లేడిని చంపడమేమిటని ఒక పెద్ద ఉత్తరం వ్రాశాను. అతడు వినయంగానే బదులిచ్చాడు. ఆ బదులు చివర ఒక ప్రశ్న ఉంది: “మాస్టారూ, మన పర్ణశాల చుట్టూ ఉన్న అడవిలో ఇప్పుడు దుప్పులు ఎన్ని ఉన్నాయి?”

నాకు సమాధానం తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ రోజుదాకా నాకు తెలియదు. ఆ ప్రశ్న కొన్ని వారాల పాటు నన్ను నిలువనీయలేదు. ఈ టపా అతనికి నేను వ్రాయవలసిన ఉత్తరమే. మీరందరూ చదివితే నా వాదంలోని తప్పొప్పులు తేలుతాయని ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు అతని పక్షం చెప్పాలి. ప్రత్యర్థి వాదాన్ని సరిగా చెప్పిన తరువాతనే ఖండించాలన్నది మన శాస్త్రమర్యాద.

అతడు చంపినది తెల్లతోక జింక. బెదిరి పరుగెత్తేటప్పుడు తోక పైకెత్తితే అడుగున తెల్లగా మెరుస్తుంది గనుక ఆ పేరు. అమెరికాలో ఆ జింకలు అన్నిటికంటె ఎక్కువగా ఉన్న రాష్ట్రం టెక్సాసే. అయినా అతడు స్వరాష్ట్రం వదలి అయోవాకు వెళ్లాడు. కారణం కొమ్ములు. మగజింక కొమ్ములు ఏటా చలికాలంలో రాలిపోతాయి. వసంతంలో మళ్లీ మొలుస్తాయి. వేసవి అంతా నూగు చర్మం కింద పెరిగి శరత్తు నాటికి ఎముకగా గట్టిపడతాయి. అయిదారేళ్లు నిండితే గాని వాటికి పూర్తి విస్తారం రాదు. అయోవా మొక్కజొన్న, సోయా పొలాల సీమ గనుక మేతకు కొదువ లేదు. పైగా అక్కడ తుపాకి వేటకు ముఖ్యమైన రోజులు, జింకలు జోడుకట్టే నవంబరు దాటిన తరువాత వస్తాయి. అందువల్ల మగజింకలు కొన్ని ముదిరేదాకా బ్రతుకుతాయి. వాటి కోసం పొరుగు రాష్ట్రాలవారు ఏటేటా రుసుము చెల్లించి లాటరీలో నిలబడతారు. అనుమతి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. మా వాడికి నాలుగేళ్లు పట్టింది.

కొమ్ములను కొలవడానికి అక్కడ ఒక శాస్త్రమే ఉంది. థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రభృతులు 1887లో స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు కొలతల పద్ధతిని ఏర్పరచింది. చంపిన తరువాత 60 రోజులు కొమ్ములను ఆరనిచ్చి, అంగుళంలో ఎనిమిదో వంతు దాకా కొలుస్తారు. రెండు పక్కలా సౌష్ఠవం గల తెల్లతోక జింక కొమ్ములకు 170 మార్కులు వస్తే ఆ క్లబ్బువారి శాశ్వత చిట్టాకు ఎక్కుతాయి. మా వాడి కొమ్ములు ఎక్కలేదట. ఆ మాట వ్రాసేటప్పుడు కొంచెం బాధపడ్డట్టే ఉన్నాడు.

ఇదంతా విలాసమే కదా అంటే అతని వాదం ఇది. 1900 ప్రాంతానికి అమెరికాలో తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి లేవని అంచనా. అంతకు ముందు మాంసం కోసం, తోళ్ల కోసం అంగళ్లకు సరఫరా చేసే వేటగాళ్లు వాటిని ఊడ్చిపెట్టారు. 1900లో లేసీ చట్టం వచ్చి, అక్రమంగా చంపిన జంతువులను రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని నేరం చేసింది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. తుపాకుల మీద, తూటాల మీద వసూలయ్యే పన్ను దాని ప్రకారం వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు చేరుతుంది. నేడు ఆ జింకలు సుమారు మూడు కోట్లు. వేటగాడు కట్టే రుసుము నుంచే అటవీ అధికారి జీతం వస్తుంది, జింకల లెక్కింపు జరుగుతుంది. ఎన్ని చంపవచ్చునో, ఏ తేదీన చంపవచ్చునో, ఆడదా మగదా అన్నది కూడా ముందే నిర్ణయమై ఉంటుంది. జింకల్లో ఒక మెదడు వ్యాధి వ్యాపిస్తున్నందువల్ల, మెదడు, వెన్నెముక తొలగించకుండా కళేబరాన్ని టెక్సాస్‌కు తెచ్చుకోవడానికి కూడా వీలులేదు. మాంసం ఇంటికి తెచ్చుకుని చలికాలమంతా తిన్నారు. “నేను అంగడిలో కోడిని కొనడం కంటె ఇది ఏ విధంగా తక్కువ ధర్మం, చెప్పండి మాస్టారూ” అన్నాడు.

నేను మాంసాహారిని కాను. కాని ఈ ప్రశ్నకు శాకాహారం జవాబు కాదు. అందుకే మళ్లీ వాల్మీకిని తెరిచాను.

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల ఉంది. సీతమ్మ బంగారు లేడిని చూసినది ఇక్కడేనని మన ప్రాంతంవారి విశ్వాసం. ఆమె కోరిక మనకు తెలిసినదే. ప్రాణాలతో దొరికితే అయోధ్యకు తీసుకువెళ్లి అందరికీ చూపవచ్చును. అంతఃపురానికి అదొక ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రాణాలతో దొరకకపోతే ఆ చర్మమైనా పరచుకుని కూర్చోవచ్చును. మూలంలో ఉన్న కోరిక ఇదే. లక్ష్మణుడు ఇది మారీచుడి మాయ అని హెచ్చరించాడు. రాముడు వినలేదు. ఆ లేడి అతణ్ణి ఆశ్రమం నుంచి దూరంగా, ఇంకా దూరంగా తీసుకుపోయింది. తరువాతి కథ మీకు తెలుసు.

చాలామంది పట్టించుకోని చిన్న సంగతి ఒకటి ఆ సర్గ చివర ఉంది. మారీచుడు చచ్చిన తరువాత, ఆ మోసపు కేక విని కలవరపడిన రాముడు వెంటనే తిరిగి రాలేదు. దారిలో మరొక లేడిని కొట్టి, మాంసం తీసుకుని జనస్థానం వైపు నడిచాడు. వాల్మీకి ఆ రెండవ లేడికి వాడిన మాట ‘పృషతం’. అంటే ఒంటి మీద చుక్కలున్నది. మన చుక్కల దుప్పి.

ఆ ఒక్క రోజున రాముడు రెండు లేళ్లను చంపాడన్న మాట. రెండవ దానిని గురించి కవి అర శ్లోకం మాత్రం చెప్పి ఊరుకున్నాడు. దాని వల్ల ఏ అనర్థమూ రాలేదు. ఎవరూ దానిని తప్పు పట్టలేదు. అది వనవాసి ఆహారం. మొదటిది ఆహారం కాదు, ఆశ్చర్యం. నలుగురికి చూపడానికి కావలసినది. కావ్యమంతా కూలినది ఆ మొదటి లేడి వల్ల. వేటను వాల్మీకి నిషేధించలేదు. ఏ వేట మనిషిని ఇంటి నుంచి ఎంత దూరం లాక్కుపోతుందో మాత్రం చూపాడు. ‘మృగయ’ అన్న మాటకు మూలధాతువు అర్థం కూడా వెదకడమే. వెదికేవాడు ఏమి వెదుకుతున్నాడన్నదే అసలు ప్రశ్న.

ఈ కొలతతో నా శిష్యుడి జింకను కొలిచాను. అతడు మాంసం తిన్నాడు, తల గోడకు తగిలించాడు. ఒకే జింకలో రెండు లేళ్లూ ఉన్నాయి. ఏది ఎంత అని విడదీయడం ఎలా? నాకు తోచిన పరీక్ష ఒకటే: ఆ జింకకు కొమ్ములు లేకపోతే అతడు రాష్ట్రం దాటి వెళ్లేవాడా? మాంసానికైతే టెక్సాస్‌లో ఆడజింకలకు కరవు లేదు. నాలుగేళ్ల నిరీక్షణ, రెండు రోజుల కారు ప్రయాణం, మంచులో పడిగాపులు, ఇవన్నీ మొదటి లేడి కోసమే. మాంసం ఇంటి దగ్గరే దొరికేది. సరిహద్దు దాటడమే ఇక్కడ సాక్ష్యం.

అయితే ఈ తీర్పు చెప్పి నేను చేతులు దులుపుకోలేను. అతని ప్రశ్న అక్కడే ఉంది.

మా ప్రాంతంలో రాష్ట్రం దాటడం పెద్ద ప్రయాణం కాదు. 1860లో నిజాం గోదావరి ఎడమగట్టును బ్రిటిషువారికి ఇచ్చిన నాటి నుంచి, ఏరు దాటితే ప్రభుత్వం మారేది. భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. జటాయువు పడిన చోటుగా చెప్పుకునే ఎటపాక నేడు ఆంధ్రలో ఉంది, పర్ణశాల తెలంగాణలో ఉంది. జింకకు మాత్రం ఈ గీతలు తెలియవు.

బయటివారు వచ్చి వేటాడి ఛాయాచిత్రం దిగడం కూడా మనకు కొత్త కాదు. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు వరంగల్లు సీమలోని నెక్కొండకు వచ్చి పులిని కొట్టాడు. చచ్చిన పులి వెనుక దొర, దొరసాని నిలబడిన చిత్రాన్ని రాజా దీన్‌దయాళ్ తీశాడు. నేటికీ చూడవచ్చు. మా వాడి చిత్రాన్ని ఆ చిత్రం పక్కన పెట్టి చూశాను. నూట ఇరవై ఏళ్ల తేడా ఉన్నా ముఖాలలోని భావం ఒక్కటే.

స్వాతంత్ర్యం వచ్చాక దొరల స్థానంలో లైసెన్సులు వచ్చాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా మొదట కొన్ని జంతువులను లైసెన్సుతో వేటాడనిచ్చింది. 1991 సవరణతో ఆ దారి మూసుకుపోయింది. కిన్నెరసాని అభయారణ్యం 1977లో ఏర్పడింది. పాపికొండలు 2008లో జాతీయోద్యానం అయ్యాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం చుక్కల జింకను రాష్ట్రజంతువుగా ప్రకటించింది. కాగితం మీద మన దుప్పికి ఉన్నంత రక్షణ అయోవా జింకకు కలలో కూడా లేదు.

ఇక అడవిలోకి రండి. ఇక్కడ దుప్పిని చంపేది ఉచ్చు, కరెంటు తీగ. ఉచ్చుకు లైసెన్సు లేదు, ఋతువు లేదు, కొమ్ముల కొలత లేదు. చూలుదా, పిల్లతల్లా అని అది చూడదు. కరెంటు తీగ అయితే మనిషినీ చూడదు. 2024లో భూపాలపల్లి జిల్లా అడవిలో గాలింపుకు వెళ్లిన ఒక గ్రేహౌండ్స్ జవాను, జంతువుల కోసం అమర్చిన తీగ తగిలి ప్రాణాలు విడిచాడు. తీగ వేసినవాడు పట్టుబడితే వార్త అవుతుంది. ఆ మాంసం ఎవరి ఇంటికి వెళ్లవలసి ఉందో వార్త కాదు.

కోయలు వేటాడరా అని అడుగుతారు. వేటాడేవారు. వేసవి చివర విత్తనాల పండుగ, వారి మాటలో విజ్జ పండుం, వచ్చినప్పుడు మగవారు అడవికి వేటకు వెళ్లడం, ఆడవారు పాటలు పాడుతూ దారిన పోయేవారిని ఆపి కానుకలు అడగడం మా ఏజెన్సీలో తరతరాల ఆచారం. ఆ వేటకు తిథి ఉంది, దేవత ఉంది, వచ్చిన దానిని ఊరంతా పంచుకోవడం ఉంది. అది రాముడి రెండవ లేడి. చట్టం దానినీ, సంతకు పంపే ఉచ్చునూ ఒకే గాట కట్టింది. ఈ రెంటినీ విడదీసి చూడలేకపోవడం మన చట్టంలోని లోపమని నా అభిప్రాయం. సంతకు ఉచ్చు వేసేవారి వెనుక ఎప్పుడూ ఒక కొనేవాడు ఉంటాడు. ఆ కొనేవాడు అడవివాడు కాడు.

ఇది ఎలా తెలుసునంటారా? నేను ఉద్యోగం విరమించిన కొత్తలో ఒక పట్టణంలో గృహప్రవేశానికి పిలిస్తే వెళ్లాను. గృహస్థు చదువుకున్నవాడు, దైవభక్తి గలవాడు, ఏటా నవమి నాడు కల్యాణానికి తలంబ్రాలు మోసుకువెళ్లేవాడు. మాకు వేరుగా విస్తళ్లు వేశారు. పక్క పందిట్లో వడ్డన జరుగుతుండగా ఆయన నా చెవి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, “అది దుప్పి, మాస్టారూ. మామూలుగా దొరకదు, పై నుంచి తెప్పించాను” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది ఆకలి కాదు. నా శిష్యుడి ముఖంలో ఉన్న సంతోషమే. తేడా ఏమంటే శిష్యుడు తన కొమ్ములను వెలుతురులో ఎత్తి చూపాడు, ఈయన తన కొమ్ములను చెవిలో చెప్పాడు.

నేను ఏమన్నానో తెలుసునా? ఏమీ అనలేదు. చిరునవ్వు నవ్వి పులిహోర తిన్నాను. పెళ్లి పేరంటాలలో పెద్దమనిషి మర్యాద అది. పదివేల మైళ్ల దూరంలో, చట్టప్రకారం, రుసుము కట్టి, తేదీ చూసి వేటాడిన శిష్యుణ్ణి మందలించడానికి నాకు పెద్ద ఉత్తరం వచ్చింది. అరచేతి దూరంలో నిలబడిన నేరస్థుడికి చెప్పడానికి ఒక్క మాట రాలేదు. శిష్యుడి ప్రశ్న నన్ను కుట్టినది ఇక్కడే.

మరొక విచిత్రం అతడే చెప్పాడు. మన చుక్కల దుప్పిని 1932లో టెక్సాస్‌కు తీసుకుపోయి వదిలారు. అక్కడ అది విస్తరించింది. పరదేశి జంతువు గనుక ఆ రాష్ట్రం దానికి నిషిద్ధ ఋతువు ఏర్పరచలేదు. పశుక్షేత్రాలవారు రుసుము తీసుకుని ఏడాది పొడుగునా వేటాడనిస్తారు. తెలంగాణ రాష్ట్రజంతువును టెక్సాస్‌లో డబ్బు కట్టి చంపవచ్చునన్న మాట. “అది మాత్రం నేను చేయలేదు మాస్టారూ. దానిని చూస్తే మన పర్ణశాల గుర్తుకు వచ్చి తుపాకి లేవదు” అని వ్రాశాడు. ఆ వాక్యం దగ్గర నా కళ్లు చెమ్మగిల్లాయి. నేను నేర్పిన కథ ఎక్కడో కొంత మిగిలే ఉంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. కొమ్ముల కోసం రాష్ట్రాలు దాటడం మారీచుణ్ణి తరమడమే. ఆ మాట వెనక్కు తీసుకోను. కాని అమెరికావారు ఆ దురాశకు ముకుతాడు వేసి, దాని చేత జింకలకు గడ్డి మోయిస్తున్నారు. మనం అదే దురాశను చట్టగ్రంథంలో చంపివేశామనుకుని, చీకట్లో దానికి దుప్పులను మేపుతున్నాము. రెండింటిలో ఏది పెద్ద పాపమని నన్ను అడిగితే, మనదే అంటాను. మనకు లైసెన్సుల వేట కావాలని నా వాదం కాదు. మన అడవులు ఆ భారం మోయలేవు. మనకు కావలసినది లెక్క. పట్టణంలో దుప్పి మాంసం వడ్డించడం సిగ్గుచేటు కావాలి. దొంగ సారాను గొప్పగా చెప్పుకోనట్లే, ‘పై నుంచి తెప్పించాను’ అన్న మాటను గొప్పగా చెప్పుకోలేని రోజు రావాలి. దానికి అటవీశాఖ అక్కరలేదు. విస్తరి ముందు కూర్చున్నవాడు ఒక్కడు లేస్తే చాలు. ఈసారి లేస్తాను.

శిష్యుడికి ఈ మాటలే వ్రాశాను. వేసవి సెలవులకు పిల్లలతో వస్తానన్నాడు. పర్ణశాలకు తీసుకువెళతానన్నాను. అక్కడ సీతారాముల వనవాస ఘట్టాల బొమ్మలున్నాయి. వాటిలో బంగారు లేడి కూడా ఉంది. అతని పిల్లలు నిజమైన లేడిని చూడాలని అడిగితే కిన్నెరసాని దాకా వెళ్లి, జింకల పార్కు కంచె ముందు నిలబడాలి. కంచె లేని చోట చూడాలంటే తెల్లవారుజామున లేచి, చప్పుడు చేయకుండా, ఓపిక పట్టాలి. వేటగాడు గనుక ఆ విద్య నాకంటె అతనికే బాగా తెలుసు. అతడు వెదుకుతాడు, నేను లెక్కపెడతాను.

మీ ఊళ్ల చుట్టూ ఉన్న అడవులలో దుప్పులు కనిపిస్తున్నాయా? చూసినవారు వ్రాయండి. కనిపించడం మానివేసి ఎన్నాళ్లయిందో గుర్తున్నవారు అదీ వ్రాయండి.

స్వస్తి.